ఒకే కీతో రెండు విండోస్‌లు: యాక్టివేట్ అయితే హక్కు ఉన్నట్టేనా?

ప్రశ్న: నా ల్యాప్‌టాప్ విండోస్ 11 హోమ్‌తో వచ్చింది. లినక్స్ పెట్టుకుందామని రెండో ఎస్‌ఎస్‌డీ వేశాను. ఆఫీసు పని విడిగా ఉండాలని ఆ ఎస్‌ఎస్‌డీ మీదే ఒక పార్టిషన్‌లో (డిస్కులో విడదీసిన భాగంలో) ఇంకో విండోస్ కూడా వేశాను. ప్రొడక్ట్ కీ అడగనే లేదు, ‘యాక్టివేటెడ్’ అని చూపిస్తోంది. ఒకసారికి నడిచేది ఒకటే కదా, తప్పేమీ లేదని మిత్రులంటున్నారు. నిజమేనా? లినక్స్‌లో వర్చువల్ మెషీన్ పెట్టి ఇదే విండోస్‌ను అందులో నడుపుకోవచ్చా?

జవాబు: లినక్స్‌తో మీకు చట్టపరంగా ఏ చిక్కూ లేదు. రెండో విండోస్ మాత్రం మీకున్న లైసెన్సులోకి రాదు.

విండోస్‌లో ‘విన్‌వర్’ (winver) అని టైప్ చేస్తే వచ్చే చిన్న కిటికీలో లైసెన్సు నిబంధనల లింకు ఉంటుంది. దాన్ని తెరిచి రెండో నిబంధన చదవండి. మీ పరికరంలో ఈ సాఫ్ట్‌వేర్‌ను ఒక్క ప్రతి ‘ఇన్‌స్టాల్ చేసి, నడుపుకునే’ హక్కు ఇస్తున్నామని, ఒక సమయంలో ఒక్క వ్యక్తి వాడుకోవచ్చని ఉంటుంది. మీ మిత్రులు ‘నడుపుకునే’ దగ్గరే ఆగిపోయారు. ఒక్కటి అన్న పరిమితి ఇన్‌స్టాల్ చేయడానికీ ఉంది. ‘ఒక సమయంలో’ అన్న మాట వాడే మనుషుల గురించి చెప్పింది, ప్రతుల గురించి కాదు. రెండో ప్రతి డిస్కు మీద ఆరు నెలలు నిద్రపోయినా అది రెండో ప్రతే. ఇదే ఒప్పందంలో ఇంకో మాట కూడా ఉంది: 32 బిట్, 64 బిట్ రెండూ మీ చేతికిచ్చినా ఒకసారికి ఒక్కటే ఇన్‌స్టాల్ చేసి యాక్టివేట్ చేయాలి. లెక్క ఇన్‌స్టాల్ చేసిన చోటే మొదలవుతుందనడానికి ఇంతకన్నా స్పష్టత అక్కర్లేదు.

మరి యాక్టివేట్ ఎలా అయింది? తయారీదారు ప్రొడక్ట్ కీని మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లో (మదర్‌బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్‌లో) ‘ఎంఎస్‌డీఎం’ అనే పట్టికలో రాసి పంపుతాడు. సెటప్ దాన్ని తనే చదువుకుంటుంది. యాక్టివేషన్ సర్వర్‌కు కనిపించేది హార్డ్‌వేర్ గుర్తింపు. పాత పరికరమే కాబట్టి సరేనంటుంది. డిస్కులో ఎన్ని ప్రతులున్నాయో అది లెక్కపెట్టదు. తాళం తెరుచుకుంది కాబట్టి ఇల్లు నాదే అనడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

సొంత కంప్యూటర్‌లో ఇలాంటి ప్రతి కోసం ఎవరూ దావా వేయరని మీరనుకోవచ్చు, నా అంచనా కూడా అదే. కానీ మీరు ‘ఆఫీసు పని’ అన్నారు. సంస్థల్లో సాఫ్ట్‌వేర్ ఆడిట్ జరుగుతుంది, అక్కడ అడిగేది కొన్న రుజువును. స్క్రీన్ మీద కనిపించే ‘యాక్టివేటెడ్’ రుజువు కాదు. ల్యాప్‌టాప్ ఆఫీసుదే అయితే మాట వేరు. అందులో ఏది వేయాలన్నా, లినక్స్ అయినా సరే, యాజమాన్యం అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి.

పని విడిగా ఉంచుకోవడమే కావాలంటే అదే విండోస్‌లో రెండో యూజర్ అకౌంటు తెరవండి, లైసెన్సు ఖర్చు లేదు. ఏదైనా పరీక్షించి చూడటానికైతే 90 రోజుల ఎంటర్‌ప్రైజ్ ఎవాల్యుయేషన్ ప్రతి మైక్రోసాఫ్ట్ సైట్‌లోనే దొరుకుతుంది. శాశ్వతంగా రెండు విండోస్‌లు కావాలంటే రెండో లైసెన్సు కొనాల్సిందే. ఇప్పుడున్న అదనపు ప్రతిని తీసేయడం తేలిక: మొదటి విండోస్‌లోకి బూట్ అయి, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆ వాల్యూమ్‌ను తొలగించి, ‘ఎంఎస్‌కాన్ఫిగ్’ (msconfig) బూట్ ట్యాబ్‌లో దాని పేరు చెరిపేయండి. మీ అసలు యాక్టివేషన్ చెడదు.

వర్చువల్ మెషీన్ సంగతి. వర్చువల్ మెషీన్ అంటే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన ఇంకో కంప్యూటర్. ఒప్పందం దృష్టిలో అది కూడా ఒక పరికరమే. ల్యాప్‌టాప్‌తో వచ్చిన లైసెన్సు ఆ ల్యాప్‌టాప్‌కే అతుక్కుని ఉంటుంది. ల్యాప్‌టాప్‌ను అమ్మితే లైసెన్సు దానితోపాటే పోతుంది, వేరే పరికరానికి మారదు. కొత్త ప్రతి కాకుండా డిస్కులో ఉన్న విండోస్ పార్టిషన్‌నే లినక్స్ లోపలినుంచి బూట్ చేసే పద్ధతి ఒకటి ఉంది. ఉన్నది ఒక్క ప్రతే కదా అనిపిస్తుంది, కానీ పరికరం రెండోదవుతుంది. హార్డ్‌వేర్ మారినట్టు కనిపించి యాక్టివేషన్ కూడా పోవచ్చు. నా ఉద్దేశంలో అది కూడా మీ లైసెన్సులో ఇమడదు. విడిగా కొన్న రిటైల్ లైసెన్సునైతే పాత చోట తీసేసి వర్చువల్ మెషీన్‌లో పెట్టుకోవచ్చు. మీది ఏ రకమో తెలియాలంటే కమాండ్ ప్రాంప్ట్‌లో ‘ఎస్‌ఎల్‌ఎంజీఆర్’ ఆదేశాన్ని ‘డీఎల్‌ఐ’ స్విచ్‌తో (slmgr /dli) ఇవ్వండి. ‘ఓఈఎం’ అని వస్తే ల్యాప్‌టాప్‌తో వచ్చింది, ‘రిటైల్’ అని వస్తే మార్చుకోదగింది.

లినక్స్‌కు గుండెలాంటి కెర్నల్, జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు రెండో వెర్షన్ కింద ఉంది. ప్రోగ్రామును నడపడం మీద ఎలాంటి ఆంక్షా లేదని అందులోనే రాసి ఉంది. ఎన్ని యంత్రాల్లో వేసుకున్నా, సంపాదనకు వాడుకున్నా పరవాలేదు. ప్రతులను ఇతరులకు పంచినప్పుడే సోర్స్ కోడ్ ఇవ్వాల్సిన బాధ్యత మొదలవుతుంది. డిస్ట్రిబ్యూషన్‌లో (కెర్నల్‌కు మిగతా ప్రోగ్రాములు చేర్చి ఇచ్చే లినక్స్ ప్యాకేజీలో) ఉన్నదంతా జీపీఎల్ అనుకోకండి, ఎన్‌విడియా డ్రైవర్ లాంటి వాటికి సొంత లైసెన్సులున్నాయి.

చాలామంది తెలియక చేసే పొరపాటు ఫాంట్లతో. విండోస్‌లోని గౌతమి, నిర్మలా యూఐ ఫాంట్లను ఫోల్డర్‌లోంచి తీసి లినక్స్‌లో అతికిస్తారు. ఆ ఫాంట్లకు ఇచ్చిన అనుమతి విండోస్ నడుస్తున్నప్పుడు చూపడానికి, ముద్రించడానికి. రెండూ ఒకే కంప్యూటర్‌లో ఉన్నంత మాత్రాన అనుమతి లినక్స్‌కు పాకదు. నోటో సాన్స్ తెలుగు ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉంది, అది వేసుకోండి.

కొన్న అప్లికేషన్ల ఒప్పందాలు విడివిడిగా చదవాలి. కొన్ని యాక్టివేషన్ సర్వర్లు ఒకే కంప్యూటర్‌లోని రెండో ఆపరేటింగ్ సిస్టమ్‌ను రెండో యంత్రంగా లెక్కిస్తాయి. అందుకే ఆ రెండో విండోస్‌ను చెరిపే ముందు, అందులో వేసినవన్నీ డీయాక్టివేట్ చేయండి. చెరిపేశాక ఆ లెక్క సరిచేయించుకోవడానికి కంపెనీ సపోర్టును బతిమాలుకోవాల్సి రావచ్చు.

లినక్స్ పెట్టేముందు, డిస్కులోని డేటాకు తాళం వేసే బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసుకోండి. హోమ్ ఎడిషన్‌లోనూ ‘డివైస్ ఎన్‌క్రిప్షన్’ పేరుతో అది ఆన్‌లో ఉండొచ్చు. సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే బూట్ కానిచ్చే రక్షణ) ఆపగానే విండోస్ ఆ కీ అడగవచ్చు. ఈ రికవరీ కీ సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంటులో భద్రమై ఉంటుంది. పొరపాటున డిస్కంతా చెరిగిపోతే డేటా పోతుంది కానీ లైసెన్సు పోదు. విండోస్ ప్రొడక్ట్ కీ మదర్‌బోర్డులోనే ఉంది కాబట్టి అదే ఎడిషన్, అంటే హోమ్, మళ్లీ వేసి నెట్‌కు కలిపితే యాక్టివేట్ అవుతుంది.