కొండ మీద రోడ్డు పడితే కింద బావి ఎందుకు ఎండుతుంది?

ప్రశ్న గుంటూరు దగ్గర కొండ కింద పొలం ఉన్నాయన అడిగింది: పైన రోడ్డు వేశాక వానాకాలంలో చేను కోసుకుపోతోంది, వేసవిలో బావి ఎండుతోంది, రెండూ ఎలా?

కారణం ఒకటే. చెట్ల కింద గుల్ల నేల వాన నీటిని పట్టి మెల్లగా లోపలికి దించుతుంది. తారు దించదు. 10 మీటర్ల వెడల్పు, కిలోమీటరు పొడవు రోడ్డు మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే 5 లక్షల లీటర్లు! ఇదివరకు వాలంతా పరుచుకుని పారిన నీరు ఇప్పుడు పక్క కాలువలో చేరి, తూము దగ్గర ఒకేచోట దూకుతుంది. తూము అవతలికి వెళ్లి చూడండి: గండి, వేర్లు బయటపడ్డ చెట్టు. కొండను తొలిచిన చోట లోపలి ఊట కూడా తెగి రోడ్డు పక్కనే కారిపోవచ్చు.

పల్లంలో వేరే కథ. విజయవాడ పక్కన పారే బుడమేరు వాగు నీరు కొల్లేరు సరస్సు చేరాలి. మధ్యలో రోడ్డు కట్టకు చాలినన్ని తూములు లేకపోతే నీరు ఎగువనే నిలుస్తుంది. నిలిచిందంతా ఇంకుతుందా అంటే, తడిసి ఉబ్బిన రేగడి అంత తేలిగ్గా దిగనివ్వదు.

తూములు దగ్గర దగ్గరగా వేసి, నీరు దూకేచోట రాళ్లు పరిస్తే కోత చాలావరకు తగ్గుతుంది. బావి సంగతికొస్తే, నేరమంతా రోడ్డు మీద వేయకముందు చుట్టూ కొత్త బోర్లెన్ని పడ్డాయో లెక్కపెట్టండి.