మింగుడు ప్రెషర్ కొలుసుడు నేర్పేటప్పుడు

బిడ్డా,

పాలమూరుల స్పీచ్ థెరపిస్టులకు మానోమెట్రీ, అంటే ముక్కుల నుంచి సెన్సార్ల ట్యూబ్ వేసి మింగేటప్పుడు గొంతుల ప్రెషర్ కొలుసుడు, నేర్పబోతున్నవని తెలిసినప్పటి సంది మస్తు సంతోషంగ ఉన్నది. మనదిక్కు పక్షవాతం వచ్చి ముద్ద మింగలేని పెద్దోళ్లు ఎంతమందో నీకు తెల్వంది కాదు, అందర్నీ హైదరాబాద్ పంపుడు అయ్యే పనా. అందుకే నాకు తోచినయి రాస్తున్న.

మొదటిరోజే స్క్రీన్ ముందట కూసోబెట్టకు. ఎరుపంటే ప్రెషర్ ఎక్కువ, నీలమంటే తక్కువ, అది పది నిమిషాల్ల వస్తది, తొందరగ రానిది మనిషిని చూసుడు. పేషెంట్ దగ్గినా మాట్లాడినా నడిమిట్ల ఉమ్మి మింగినా గ్రాఫ్ మీద రంగు పడుతది, ఆ టైముకు పేషెంట్‌ను చూడకుండ తర్వాత నంబర్ తీస్తే ఆ నంబర్ దేనికీ పనికిరాదు. ఒకరు స్క్రీన్ చూస్తుంటే ఇంకొకరు కంఠం మీదనే కన్నుపెట్టాలె, అది పైకి లేసిన ప్రతిసారి "మింగిండు" అనాలె, దగ్గితే "దగ్గు" అనాలె, అప్పటికప్పుడే మార్క్ కొట్టాలె.

ట్యూబ్ వేసుడు దగ్గర మాత్రం ఎంత టైమ్ పట్టినా సరే. ముందుగాల రక్తం పల్చబడే మందులు వాడుతున్నరా, ముక్కుకు తలకు దెబ్బ తగిలిందా అడగాలె. ఇష్టమున్న ట్రైనీలకు డాక్టర్ పక్కన ఉండంగ ట్యూబ్ ఒకసారి వేపియ్యి, ఓకరింపు ఎక్కడ వస్తదో వాళ్లకే తెలుస్తది. ముక్కుల పైకి తోయొద్దు, అడుగు వెంబడి సీదా లోపలికి పోవాలె, గొంతు వెనకకు తాకంగనే ఆగాలె, గుటక పడ్డప్పుడే ముందుకు జరపాలె. నీళ్లతోని పొలమారేటోళ్లకు నీళ్లు ఇయ్యొద్దు, ఉమ్మి మింగమను. మత్తు జెల్ ఎక్కువ రాయనియ్యకు, గొంతు తిమ్మిరెక్కితే మింగుడే మారుతది. వేసినంక కొన్ని నిమిషాలు ఊరుకో, ఊపిరి నిమ్మళం కానీ. మర్రిగూడ దిక్కు ఫ్లోరోసిస్‌తోని మెడ బిగుసుకపోయిన పెద్దమనుషులు వస్తే గదుమ వంచమని బలవంతం చేయొద్దు, ఎట్ల కూసుంటే అట్లనే కొలిచి ఆ సంగతి రిపోర్టుల రాయాలె.

ఎందుకు కొలుస్తున్నమో కూడ గట్టిగ చెప్పు. బేరియం మందు మింగిపిచ్చి తీసే ఎక్స్‌రేల గొంతుల మిగిలిపోయిన తిండి కనపడుతది గని ఎందుకు మిగిలిందో అన్నిసార్లు తెల్వదు. నాలుక మొదలు గట్టిగ నూకుతలేదా, లేకుంటే అన్నవాహిక మీది కవాటం, అదే యూఈఎస్, వదులైతలేదా? రెండిటికీ చేసే థెరపీ వేరు. ఆ కవాటం మింగేటప్పుడు స్వరపేటికతోని పాటు పైకి లేస్తది, ఒక్క సెన్సార్ పెడితే దాన్ని పట్టలేము, అందుకే సెంటీమీటర్‌కు ఒకటి చొప్పున 36 సెన్సార్లున్న ట్యూబ్‌లు వచ్చినయి. ఇంకోటి, తిండి ఊపిరితిత్తులల్లకు పోతుందా లేదా అన్నది ప్రెషర్ ఒక్కటే చెప్పదు, బేరియం గని, ఫీస్ (FEES, ముక్కుల నుంచి సన్న కెమెరా వేసి మింగుడు చూసే పరీక్ష) గని చూడాల్సిందే. గ్రాఫ్ మంచిగుందని గట్క తినిపియ్యమని చెప్పేటోళ్లు తయారైతే నాకు భయమే.

పేషెంట్లు కొన్ని గంటలు ఖాళీ కడుపుతోని రావాలె కదా, దేవరకొండ, అచ్చంపేట నుంచి మొదటి బస్సుకొచ్చేటోళ్లను, షుగర్ ఉన్నోళ్లను పొద్దుగాలనే ముందు చెయ్యి. ట్యూబ్ కడిగి డిసిన్ఫెక్ట్ చేసుడు కూడ ట్రైనీలతోనే చేపియ్యి, ఆయాకు అప్పజెప్పకు. బ్యాచ్‌ల ఎంతమందిని తీస్కుంటున్నవో చెప్పు, ముగ్గురు నలుగురి కంటె ఎక్కువైతే రెండు బ్యాచ్‌లు చెయ్యి, రెండోదానికి నేనొస్త.