ఓడ కుషాదసిలో ఒక్క పగలే ఆగితే బజారులో ఏం కొనాలి?

అడిగిన ప్రశ్న ఇది: గ్రీసు దీవుల క్రూయిజులో ఓడ టర్కీలోని కుషాదసిలో పొద్దున ఆగి సాయంత్రం కదులుతుంది, వెంట పెద్దవాళ్లు ఉన్నారు, ఎఫెసస్ శిథిలాలు చూడాలా, బజారుకు వెళ్లాలా, బేరమాడితే ఎంత తగ్గిస్తారు?

రెండూ చూడవచ్చు. ఎఫెసస్ ఇరవై కిలోమీటర్ల లోపే. ఎండ ముదరకముందే వెళ్లి మధ్యాహ్నానికి తిరిగొస్తే బజారుకు బోలెడు పొద్దు మిగులుతుంది. ఇక ఎంత తగ్గిస్తారన్నది నా లెక్కలో అడగవలసిన ప్రశ్నే కాదు. సరుకు తెలియనివాళ్లకు సగం ధరకు ఇచ్చినా అంగడివాడికి లాభమే. చేతికి తెలిసిన సరుకే కొనండి. తెలియనిదాన్ని కళ్లారా చూసి, టీ తాగి, నమస్కారం పెట్టి వచ్చేయండి. ఈ విషయంలో నేను ఎవరి మాటా వినను, మా అత్తగారి మాట తప్ప.

మేము ఏథెన్సు పక్కన పిరేయస్ రేవులో ఓడ ఎక్కాం. కుషాదసి చేరే ముందు రాత్రి ఓడలో షాపింగు గురించి ఒక ఉపన్యాసం పెట్టారు. నవ్వు చెదరని ఒక అమ్మాయి అందరి చేతుల్లో పటం పెట్టి, గుర్తులు పెట్టిన దుకాణాల్లోనే కొనమని, అక్కడైతే హామీ ఉంటుందని చెప్పింది. అలాంటి పటాల్లో చోటు కోసం దుకాణాలు డబ్బు కట్టడం క్రూయిజు వ్యాపారంలో పాత సంగతే. మా వరుసలో కూర్చున్నవాళ్లు మాత్రం పరీక్షకు చదువుతున్నట్టు రాసుకున్నారు.

మర్నాడు ఎఫెసస్ నుంచి తిరిగొస్తూ బస్సు తివాచీల కేంద్రం దగ్గర ఆగింది. ఎఫెసస్ శిథిలాల్లోని పెద్ద థియేటరు మెట్ల మీద కాస్త కూర్చుంటామంటే ఆలస్యమవుతుందని తరిమిన గైడుకు ఇక్కడ మాత్రం ఏ తొందరా లేదు. వేడినీళ్లలో పట్టుకాయలు వేసి దారం తీయడం చూపించారు. మగ్గం ముందు ఒకావిడ ముడులు వేసి చూపింది. అంతవరకు బాగానే ఉంది. తరువాత గదిలో గోడల వెంట కూర్చోబెట్టి, ఆపిల్ టీ ఇచ్చి, ఇద్దరు కుర్రాళ్లు తివాచీలను గిరగిరా తిప్పి నేల మీద పరచడం మొదలుపెట్టారు. తివాచీని తిరగేస్తే వెనకవైపు కూడా డిజైను అంతే స్పష్టంగా కనబడితే చేతి ముడి అంటారు. సరే, అది పట్టా, దూదా, పట్టులా మెరిసే కృత్రిమ దారమా? మీరు చెప్పగలరా? నేను చెప్పలేను. చెప్పలేనప్పుడు వాళ్లు తగ్గించిన ధర నాకు దేనికి? అన్నట్టు ఆ ఆపిల్ టీ యాత్రికుల కోసం పుట్టిన పానీయం. టర్కీవాళ్లు ఇళ్లలో తాగేది నల్లసముద్రం ఒడ్డున రీజేలో పండే మామూలు టీనే.

యాత్రికులకు సరుకు అంటగట్టడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. బైబిలు చదివినవారికి గుర్తుండే ఉంటుంది. బైబిలు ఎఫెసు అనే ఈ ఎఫెసస్‌లోనే, అర్తెమి అనే గ్రీకు దేవికి వెండితో బుల్లి గుళ్లు చేసి అమ్మే దేమేత్రియ అనే కంసాలి, క్రైస్తవ ప్రచారకుడు పౌలు బోధలతో తమ వ్యాపారం పోతుందని తోటి పనివాళ్లను రెచ్చగొడితే, జనం థియేటరులోకి చొరబడి రెండు గంటలసేపు దేవికి జయజయధ్వానాలు చేశారు. మమ్మల్ని కూర్చోనివ్వనిది ఆ థియేటరులోనే. ఇంచుమించు రెండు వేల ఏళ్ల కిందటే అక్కడ జ్ఞాపికల వ్యాపారులకు సంఘబలం ఉండేదన్నమాట!

ఇక కుషాదసి బజారు. రేవు దాటి నాలుగడుగులు వేస్తే 1618లో ఓకుజ్ మెహ్మెద్ పాషా కట్టించిన సత్రం ఎదురవుతుంది. ఒకప్పుడు సరుకుతో వచ్చిన వర్తకులు బస చేసిన కోటలాంటి కట్టడం. దాని వెనక సందుల్లో తోలు కోట్లు, నీలం గాజు దిష్టిపూసలు, లోకుం మిఠాయిలు. "అసలైన నకిలీ గడియారాలు" అని ఇంగ్లీషులో బోర్డు పెట్టినవాళ్లూ ఉన్నారు. ఆ నిజాయితీ నాకు నచ్చింది. మా ఆయన అక్కడే ఆగిపోయారు. నేనూ అత్తగారూ మసాలా దుకాణానికి వెళ్లాం.

దుకాణదారుకు ముప్పై ఏళ్లు ఉంటాయేమో. చీర చూడగానే "ఇండియా! షారుఖ్ ఖాన్!" అన్నాడు. ఇది అక్కడ పలకరింపు, తప్పించుకోలేరు. మెట్లు మెట్లుగా పేర్చిన మసాలా కుప్పల్లో నారింజ ఎరుపు కుప్ప ఒకటి చూపించి "టర్కిష్ సాఫ్రన్, చాలా చవక, మీకోసం ఇంకా చవక" అన్నాడు. నిజంగానే చవక. అంత కుంకుమపువ్వు ఆ ధరకు వస్తే మా పెళ్లిళ్లలో పసుపు బదులు దాన్నే వాడేవాళ్లం. మా వెనక నిలబడిన ఒక ఉత్తరాది దంపతులు అప్పటికే పావు కిలో పొట్లం కట్టించుకున్నారు.

అత్తగారు చిటికెడు తీసి అరచేతిలో వేసుకుని బొటనవేలితో విడదీశారు. వాసన చూశారు.

"అమ్మాయీ, దీన్ని ఏమంటున్నాడు?"

"కుంకుమపువ్వట అత్తయ్యా."

"కుసుమ పూరేకులమ్మా ఇవి! మా చేను గట్టున పెరిగేవి."

ఆవిడ పుట్టిల్లు తాండూరు వైపు. జొన్నచేను చుట్టూ పశువులు రాకుండా ముళ్ల కుసుమను కంచెగా వేసేవారు. ముళ్లు గుచ్చుకోకుండా మంచు తడి ఆరకముందే కోతకు వెళ్లిన మనిషి ఆవిడ. నేను ఇంగ్లీషులో సాఫ్లవర్ అని చెప్పగానే ఆ అబ్బాయి నవ్వాడు. లోపల కూర్చున్న పెద్దాయనను పిలిచి ఏదో చెప్పాడు. ఆయన లేచి వచ్చి, అత్తగారి అరచేయి చూసి, "అస్పిర్, అస్పిర్" అంటూ తల ఊపాడు. కుసుమకు టర్కీ భాషలో పేరు అదే. తరువాత గాజు గ్లాసులు రెండు తెప్పించి నీళ్లు పోశాడు. ఒకదానిలో ఆ కుప్పలోంచి చిటికెడు, మరోదానిలో అల్మారాలో తాళం వేసి దాచిన చిన్న డబ్బీలోంచి నాలుగు పోగులు వేశాడు. మొదటి గ్లాసు నీళ్లు వెంటనే పసుపురంగుకు తిరిగాయి, పూరేకులు విచ్చుకుని చిరిగిన అంచులు కనబడ్డాయి. రెండో దానిలో పోగులు ఎర్రగానే ఉండి, బంగారు రంగు తీరిగ్గా దిగింది. ఒక కొస బూరలా వెడల్పుగా ఉంటుంది, అదీ అసలు కుంకుమపువ్వు ఆనవాలు. కిలో కావాలంటే లక్షన్నర పూలు తెంపాలంటారు. అలాంటిది కుప్పగా పోసి ఎవరు అమ్ముతారు?

కుసుమ పూరేకులను అక్కడివాళ్లు వంటల్లో రంగు కోసం వాడుకుంటారు, కనుక సరుకు చెడ్డదేమీ కాదు. దానికి కుంకుమపువ్వు పేరు తగిలించి యాత్రికులకు అమ్మడమే నాకు కిట్టదు. ఆ పొట్లం కట్టించుకున్నావిడ రెండు గ్లాసులనూ చూసింది, భర్తను చూసింది, పొట్లం సంచిలో వేసుకుని వెళ్లిపోయింది. ఎవరి ఇష్టం వారిది.

ఆ తరువాత మా మీద వల విసరడం ఆగిపోయింది. టీ తెప్పించారు. అత్తగారు పాలు అడిగారు, లేవన్నారు, నడుము సన్నటి ఆ చిన్న గ్లాసులో చక్కెర ముక్క వేసుకుని ముఖం చిట్లిస్తూనే తాగేశారు. కుషాదసి ఉన్నది అయ్‌దిన్ జిల్లాలో, అంజీరు పంటకు పేరున్న చోటు. మేము వెళ్లింది సెప్టెంబరు చివర, కొత్త పంట దిగిన రోజులు. పెద్దాయన పై వరసలో అందంగా దండ గుచ్చిన వాటిని కాదని, లోపలి నుంచి వేరే పెట్టె తెచ్చాడు. నొక్కితే మెత్తగా దిగే కాయలు. అత్తగారు ఒకటి విప్పి చూసి మరీ తీసుకున్నారు.

మీరు కొనదగినవి ఇలాంటివే. అంజీరు, పుల్లటి సుమాక్ పొడి, నలగ్గొట్టిన ఎండుమిరప. మిరప గుంటూరు కారం తిన్న నాలుకకు ఆనదు, రుచి మాత్రం బాగుంటుంది. దానిమ్మ పులుసు కొంటే సీసా మీద "సోస్" (సాస్) అన్న మాట ఉందేమో చూడండి. ఉంటే అది చాలావరకు చక్కెర పాకం. పెష్తెమాల్ అనే పలుచటి నూలు తువ్వాళ్లు మన తుండుగుడ్డల్లాగే ఇట్టే ఆరిపోతాయి. నూలు మనకు తెలిసిన సరుకే, చేత్తో పట్టుకుంటే చాలు.

బేరం సంగతికి వస్తే, నాలుగో వంతుకు అడగండి అని వీడియోల్లో చెప్పేవాళ్లను నమ్మకండి. తోలు, తివాచీల ధర తగ్గించడానికే పెంచి చెబుతారు. తూకం వేసే తిండి సరుకులో తగ్గేది కొంచెమే. మీరన్న ధరకు వాడు ఒప్పుకుంటే కొనాలి, అది అక్కడి మర్యాద. మనవాళ్లు గంటసేపు బేరమాడి, ఒప్పుకున్నాక "మళ్లీ వస్తాం" అని జారుకుంటారు. తరువాత వెళ్లే ప్రతి తెలుగు కుటుంబమూ దాని ఫలితం అనుభవిస్తుంది. కార్డు ఇస్తే యంత్రం యూరోలా, టర్కీ డబ్బు లీరాలా అని అడుగుతుంది. లీరాలే నొక్కండి, మారకం దగ్గర వాతపడదు.

పెద్దవాళ్లకు ఎఫెసస్‌లో పట్టున్న బూట్లు వేయించండి, ఆ పాలరాయి జారుతుంది. ఓడ ఎక్కవలసిన గడువు కదిలే సమయానికి బాగా ముందే ఉంటుంది. సొంతంగా తిరిగేవారి కోసం ఓడ ఆగదు, కాబట్టి మధ్యాహ్నం తరువాత రేవుకు నడిచి చేరగలిగినంత దూరంలోనే ఉండండి.