తెర లేని ఆటకి తెర కట్టావు

నాయనా,

కథ అందింది. మొదటి పేజీలోనే "తెర మీద అమీర్ హంజా నీడ కదిలింది" అన్నావు. అక్కడే కళ్లజోడు తీసి పక్కన పెట్టేశాను. జావాలో హంజా కథలాడే వయాంగ్ గోలెక్ బొమ్మలాటకి తెరెక్కడిదయ్యా? నీడలాట వయాంగ్ కులిత్, అది తోలుబొమ్మలది. గోలెక్ కొయ్యబొమ్మ. ఒంట్లోంచి తలదాకా ఒక పుల్ల, చేతులకి చెరో సన్నపుల్ల. బొమ్మలాడించే దలాంగ్ గుప్పిట్ని బొమ్మ లుంగీ దాచేస్తుంది. పుల్ల తిప్పితే తల తిరుగుతుంది. హంజా ఎవరివంకో చూసి, చూపు తిప్పేసుకోగలడు. నీడకి ఆ వీలేదీ? నీ కథంతా ఆ చూపులో ఉండాల్సింది!

1941లో యోగ్యకర్త సుల్తాను తొమ్మిదో హమెంకుబువోనో ఈ బొమ్మల్ని చూసి, మనుషులు కొయ్యబొమ్మల్లా ఆడే నాట్యం మొదలుపెట్టించాడు. బొమ్మ మనిషిలా ఆడటం కాదు, మనిషే బొమ్మలా ఆడటం. దీన్ని వదిలేసి "మతసామరస్యం" అని నాలుగుసార్లు రాశావు. ప్రవక్త పినతండ్రి హంజా 625లో ఉహుద్ యుద్ధంలో పోయాడు. పారశీక కథకులు ఆయన్ని దేశాలు తిప్పారు. మలయా మీదుగా జావా చేరాక సురకర్త ఆస్థానకవి యసాదిపుర పద్యాల్లోకి ఎక్కాడు, అక్కడ ఆయన పేరే జయెంగ్రాన అయింది. ఇంత ప్రయాణం చెప్పాక ఆ మాటతో ఇంకేం పని?

నలభై ఏళ్ల కిందట ఓ వారపత్రిక సంపాదకుడు నా మగ్గం కథలో నాడె, పన్నె, గుంట అన్నీ కొట్టేసి "శ్రమ సౌందర్యం" అని పేరు మార్చి వేశాడు. మా నేత మామయ్య చదివి, "ఇందులో మగ్గమేదిరా?" అన్నాడు. పారితోషికం రాలేదు, అది వేరే సంగతి. ఆ సంపాదకుడి మాటలే ఇవాళ నీ కథలో కనబడితే ఒళ్లు మండింది.

చెయ్యి ఎక్కడుందో తెలుసుకోకుండా బొమ్మ గురించి రాయకు. ఇది నా చాదస్తమే అనుకో. పోటీకి పంపనా, పుస్తకం వేయించనా అని అడిగావు. ఇప్పుడా గొడవెందుకు?

ఒక్కచోట మాత్రం ఆగాను. జయెంగ్రాన కోసం మరో రాకుమారి కెలస్వరతో పోరాడి చైనా రాకుమారి అదానింగర్ పడిపోతుంది. నీ దలాంగ్ ఆ బొమ్మని మళ్లీ, బొమ్మల్ని నిలబెట్టే అరటిబోదెకి గుచ్చలేక కాసేపు ఒళ్లో పెట్టుకున్నాడు. గామెలాన్ వాద్యమేళం మాత్రం మోగుతూనే ఉంది. ఆ పేరా రెండుసార్లు చదివాను. మా ఆవిడకీ వినిపించాను.

దాన్ని ముట్టుకోకు. తెర పీకేసి మిగతాది మళ్లీ రాసి పంపు.

నీ
పెద్దాయన