కిటికీలో సముద్రం కావాలంటే

ప్రశ్న: నేను, మావారు ఇద్దరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగులం. మూడేళ్ళుగా ఇంటి నుంచే పని చేస్తున్నాం. ఈమధ్య సముద్రం ఒడ్డున ఒక చిన్న పట్టణంలో వారం రోజులు గడిపి వచ్చాం. అప్పటి నుంచి నగరంలో మా ఫ్లాటు గోడలు మీదికి వస్తున్నట్టుంది. అక్కడే ఇల్లు కొనేద్దామని ఆయన, ముందు అద్దెకు ఉండి చూద్దామని నేను. మా పాపకు ఏడేళ్ళు. మీరు ఆరేళ్ళుగా అలాంటి ఊళ్ళోనే ఉంటూ పని చేస్తున్నారని ఇదే శీర్షికలో చదివాను. మీరేమంటారు?
— ఒక పాఠకురాలు

జవాబు: వెళ్ళండమ్మా. కానీ ఇప్పుడే కొనవద్దని మీవారికి నా మాటగా చెప్పండి.

మీరు అక్కడ గడిపిన వారం సెలవు పెట్టి వెళ్ళిన వారమే అయి ఉంటుంది. సముద్రం మీకు పరిచయమైంది, ఊరు ఇంకా కాలేదు. ఆ ఊరికి అన్నిటికన్నా గడ్డు నెల ఏదో కనుక్కోండి. గాలివానల నెల కావచ్చు, పర్యాటకులు వెళ్ళిపోయాక సగం దుకాణాలు మూతపడే నెల కావచ్చు. ఆ నెలంతా ముగ్గురూ అక్కడ అద్దెకు ఉండి, ఒక్క రోజు కూడా సెలవు పెట్టకుండా పని చేయండి. ఆ తర్వాత కూడా ఆ ఊరు మీద మనసుంటే, ఆ మనసును నమ్మవచ్చు.

నా మొదటి వానాకాలం సంగతి చెబుతాను. రాత్రి రెండింటికి కరెంటు పోయింది. ఇన్వర్టర్ ఉందన్న ధీమాతో పడుకున్నాను. తెల్లవారి చూస్తే రౌటర్ దీపం వెలుగుతోంది గాని ఇంటర్నెట్ లేదు. వీధి చివర ఉన్న ఇంటర్నెట్ పెట్టెకే కరెంటు అందనప్పుడు నా ఇంట్లో ఉండి ఏం లాభం? ఫోను మీద పని నడిపాను. మధ్యాహ్నానికి టవర్ బ్యాటరీ కూడా అయిపోయి, సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే తగ్గుతూ వచ్చి చివరికి మాయమయ్యాయి. సాయంత్రం ఐదింటికి ఇవ్వాల్సిన పని మర్నాడు పదకొండింటికి ఇచ్చాను. అందుకే ఇల్లు చూసేటప్పుడు యజమాని మాట మీదే ఆధారపడకండి. పక్కింటివాళ్ళను కదిపి, పోయిన వానాకాలంలో కరెంటు ఏకబిగిన ఎన్ని గంటలు పోయిందని అడగండి. ఇంటర్నెట్ రెండు వేర్వేరు దారుల్లో పెట్టుకోండి. రెండు సంస్థల తీగలూ ఒకే స్తంభం మీదుగా వస్తుంటే అవి రెండు దారులు కావు.

వేగం కొలిచేటప్పుడు అందరూ డౌన్‌లోడ్ అంకె చూసి సంతోషపడతారు. మీకు కావలసింది అప్‌లోడ్. స్పష్టమైన వీడియో కాల్ ఒక్కదానికి సెకనుకు సుమారు 3 నుంచి 4 మెగాబిట్లు పైకి వెళ్ళాలి. మీరిద్దరూ ఒకేసారి సమావేశాల్లో కూర్చుంటారు, పక్క గదిలో పాప కూడా ఏదో ఒకటి చూస్తుంటుంది. మంగళవారం ఉదయం కొలిస్తే అసలు సంగతి తెలియదు. సెలవుల్లో, శనివారం రాత్రి ఎనిమిదింటికి, పర్యాటకులంతా అదే టవర్ మీద పడ్డప్పుడు కొలవండి. తీగ అందని చోట ఉపగ్రహ ఇంటర్నెట్ తీసుకోమంటారు. అది ఎంత ఎత్తులో తిరిగే ఉపగ్రహమో అడగండి. 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉండే పాతరకం ఉపగ్రహాలైతే మీ మాట వాటి మీదుగా అవతలివారికి చేరి, జవాబు తిరిగి రావడానికి కాంతి వేగంతోనే దాదాపు అర సెకను పడుతుంది. ఒకరి మాటకు ఇంకొకరు అడ్డుపడుతూనే ఉంటారు. 550 కిలోమీటర్ల ఎత్తున తిరిగే కొత్తరకం వాటితో ఈ ఇబ్బంది ఉండదు.

ఉప్పు గురించి నాకెవరూ చెప్పలేదు. ఒప్పంద కాగితాలకు గుచ్చిన పిన్ను ఏడాది తిరగకముందే చుట్టూ గోధుమరంగు మచ్చ చేసింది. లాప్‌టాప్ మూత మడతబందులు పట్టేసి, తెరిచినప్పుడల్లా కిర్రుమనేది. అద్దాల మీద తెల్లటి పొర వేలితో గీస్తే గీత పడేది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు రేణువు తనంతట తానే నీరు పట్టి కరుగుతుంది, ఆ ఉప్పునీరే లోహాన్ని తినేస్తుంది. ఒడ్డుకు దగ్గరగా, మొదటి కొన్ని వందల మీటర్లలోనే దీని ఉద్ధృతి ఎక్కువ. కాబట్టి నురగ కనిపించే ఇంటికి బదులు అలల హోరు లీలగా వినిపించే ఇల్లు చూసుకోండి. కంప్యూటర్లున్న గది కిటికీ మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగే వేళకు మూసేయండి.

ఇక కొనవద్దని ఎందుకంటున్నానో వినండి. దూరం నుంచి పని చేయడం నిన్నమొన్న పుట్టిన ఆలోచన కాదు. అమెరికాలో జాక్ నిల్స్ అనే పరిశోధకుడు 1973లోనే దానికి పేరు పెట్టి, ఒక బీమా సంస్థలో ప్రయోగం చేశారు. ఉద్యోగులను నగరం నడిబొడ్డుకు రప్పించకుండా వాళ్ళ ఇళ్ళకు దగ్గరలోని చిన్న కార్యాలయాల్లో కూర్చోబెట్టారు. ఫలితాలు బాగానే వచ్చాయి, అయినా ఆ సంస్థ దాన్ని కొనసాగించలేదు. మీరు ఎంత బాగా పని చేసినా పై వాళ్ళ మనసు మారవచ్చు. ఇల్లు కొన్న నెలకే వారానికి మూడు రోజులు రమ్మంటే ఏం చేస్తారు? ఇంటి నుంచి పని అనుమతి ఎంతకాలమో, ఏ ఊరి నుంచి చేసినా అభ్యంతరం ఉందో లేదో కాగితం మీద రాయించుకోండి. రాసివ్వడానికి వెనుకాడితే మీ జవాబు మీకు దొరికినట్టే.

బడిని పాపకు చూపించి, ఆ పిల్ల ముఖం చూడండి. ఆసుపత్రికి పగలు కాకుండా రాత్రి ఒంటిగంటకు ఒకసారి బండి మీద వెళ్ళి రండి, ఎంతసేపు పడుతుందో తెలుస్తుంది.

ప్రశ్న: ఎనిమిది నెలలుగా ఒక తీర పట్టణంలో ఒంటరిగా ఉంటూ పని చేస్తున్నాను. తెర మీద తప్ప మనిషితో మాట్లాడిన రోజు అరుదు. తిరిగి వెళ్ళిపోవడమే మంచిదా?
— ఒక పాఠకుడు

జవాబు: ఇంకో మూడు నెలలు ఆగండి బాబూ. పోర్చుగల్‌కు చెందిన మదీరా దీవిలో పొంటా దో సోల్ అనే ఊరు 2021 ఫిబ్రవరిలో ఇలా దూరం నుంచి పని చేసేవాళ్ళను ఆహ్వానించింది. ముందుగా చేసిన పని, ఊరి సాంస్కృతిక కేంద్రంలో బల్లలు వేసి, ఇంటర్నెట్ పెట్టి ఉచితంగా కూర్చోనివ్వడం. మనిషికి మనిషి ఎదురుపడే చోటు ఒకటి కావాలని వాళ్ళు గ్రహించారు. మీ ఊళ్ళో గ్రంథాలయం ఉంటే రోజూ ఒకే వేళకు వెళ్ళి పని చేసుకోండి. అయితే మీలాంటి వలస ఉద్యోగులతోనే గుంపు కట్టవద్దు. మా పక్కింటాయన పడవ ఇంజన్లు బాగుచేస్తారు. నేను ఆయనకు కంప్యూటర్లో దరఖాస్తులు నింపిపెడతాను. ఆకాశం చూసి గాలి ఎటు తిరుగుతుందో చెప్పడం ఆయన నాకు నేర్పారు. ఆరేళ్ళ స్నేహం ఇలా చిన్న అవసరంతోనే మొదలైంది.

ప్రశ్న: మాది సముద్రతీర పట్టణం. పదకొండేళ్ళుగా ఇక్కడి ఆసుపత్రిలో నర్సుగా పని చేస్తున్నాను. ఇల్లు ఖాళీ చేయమన్నారు. నగరం నుంచి వచ్చే ఉద్యోగులు రెట్టింపు అద్దె ఇస్తారట, పర్యాటకులకు రోజువారీగా ఇస్తే ఇంకా ఎక్కువ వస్తుందట. నాకు దొరికిన ఇల్లు ఇరవై రెండు కిలోమీటర్ల అవతల ఉంది. రాత్రి డ్యూటీ ముగిశాక అక్కడికి బస్సు లేదు. ఇలా వచ్చేవాళ్ళ మీద నాకు కోపం రావడం తప్పా?
— ఒక పాఠకురాలు

జవాబు: తప్పు కాదు తల్లీ. ఆ వచ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను.

నేను అద్దెకు దిగిన ఇంట్లో వంటగది గుమ్మం చెక్క మీద పెన్సిలు గీతలున్నాయి. ఇద్దరు పిల్లల ఎత్తు కొలిచి, పక్కన తేదీలు వేశారు. చివరి తేదీ నేను చేరడానికి ఐదు వారాల ముందుది. వాళ్ళు ఎందుకు ఖాళీ చేశారో నేను అడగలేదు. ఏడాది తర్వాత పక్కింటాయనే చెప్పారు, మీ ఉత్తరంలో ఉన్న కథే. అప్పటి నుంచి గుమ్మానికి రంగు వేయించలేదు. దానివల్ల ఆ కుటుంబానికి ఒరిగిందేమీ లేదని నాకు తెలుసు.

మీకు పనికొచ్చేది చెబుతాను. ఇంగ్లండ్ తీరంలోని సెయింట్ ఐవ్స్ ప్రజలు 2016లో ఓటు వేసి, కొత్తగా కట్టే ఇళ్ళు ఏడాది పొడుగునా అక్కడే ఉండేవాళ్ళకు మాత్రమే అని తీర్మానించారు. పాత ఇళ్ళకు ఆ నియమం లేకపోవడంతో కొనేవాళ్ళు వాటి మీద పడ్డారు. బ్రిటన్‌లోనే ఉన్న వేల్స్‌లో 2023 ఏప్రిల్ నుంచి స్థానిక సంస్థలు రెండో ఇంటి మీద మామూలు పన్నుకు తోడు 300 శాతం వరకు అదనంగా వేయవచ్చు. ఆస్ట్రేలియాలోని బైరన్ బే ప్రాంతంలో 2024 సెప్టెంబర్ నుంచి, యజమాని ఉండని ఇంటిని చాలాచోట్ల ఏడాదికి 60 రోజులకు మించి పర్యాటకులకు ఇవ్వకూడదు. నాకు ఈ మూడోదే సరైన మార్గం అనిపిస్తుంది. రోజువారీ అద్దెలకు హద్దు పెడితే, ఇప్పటికే కట్టి ఉన్న ఇల్లు మళ్ళీ ఊళ్ళో పని చేసేవాళ్ళకు దొరికే వీలుంటుంది.

మొదటి ఉత్తరం రాసినామె కూడా ఇది చదువుతారు. అమ్మా, మీరు ఇల్లు చూసేటప్పుడు ఇంతకుముందు ఎవరుండేవారో, ఎందుకు వెళ్ళారో అడగండి. నేను చేయని పని అది. రెట్టింపు అద్దె చెబితే, ఊళ్ళో నడిచే అద్దె ఎంతో కనుక్కుని అంతే ఇస్తానని నిలబడండి.

నర్సమ్మా, మీరు ముందు అద్దె ఒప్పందం తీసి, ఖాళీ చేయడానికి ఎంత గడువు ఇవ్వాలని రాసి ఉందో చూడండి. తర్వాత ఆసుపత్రిలో మీలాగే ఇల్లు కోల్పోయినవాళ్ళు ఎంతమందో, ఎవరు ఎన్ని కిలోమీటర్ల నుంచి వస్తున్నారో, వాళ్ళలో రాత్రి డ్యూటీ ఎవరిదో ఒక కాగితం మీద రాయండి. ఆ కాగితం మీ ఆసుపత్రి అధికారికి, పట్టణ పాలకులకు ఒకే రోజు ఇవ్వండి. ఒక ప్రతి ఈ శీర్షికకు కూడా పంపండి.