చుక్కలు వేసినా చూపు రాలేదని నాన్న మానేశారు

ప్రశ్న: డాక్టరమ్మగారికి నమస్కారం. మాది రాజాం దగ్గర పల్లె. మా నాన్నకు 68 ఏళ్లు. శుక్లం ఆపరేషన్‌కు వెళ్తే నీటికాసులు (గ్లకోమా) కూడా ఉన్నాయన్నారు. ఆపరేషన్ అయ్యాక రోజూ రెండు పూటలా టిమొలాల్ చుక్కలు వేసుకోమని, మూడు నెలలకోసారి విశాఖ వచ్చి చూపించుకోమని చెప్పారు. మొదట్లో వెళ్లాం. సంక్రాంతి నుంచి నాన్న చుక్కలు మానేశారు. "వేసినా కొత్తగా ఏటీ కనబడ్డం లేదు, పైగా ఆయాసం వస్తంది" అంటారు. ఆయనకు ఎప్పటినుంచో ఉబ్బసం ఉంది, అందుకని ఇదంతా సాకే అనుకుంటున్నాను. అన్నయ్య చెన్నైలో పని చేస్తాడు. నేను మిషన్ కుట్టుకుంటాను, విశాఖ వెళ్తే ఆ రోజు కూలి పోయినట్టే. పాత సీసా చూపిస్తే మెడికల్ షాపులో కొత్తది ఇస్తున్నారు. అది తెచ్చి బలవంతంగానైనా వేయమంటారా? విశాఖ వెళ్లక తప్పదా?
– ఒక కూతురు, రాజాం మండలం

జవాబు: అమ్మా, ముందు ఆ సీసా పక్కన పెట్టేయండి. మీ నాన్నగారు చెప్పే ఆయాసం నిజం. ఉబ్బసం ఉన్నవాళ్లకు టిమొలాల్ ఇవ్వకూడదు. కంట్లో వేసిన చుక్క కంట్లోనే ఉండిపోదు. ముక్కు వైపు కంటి కొనలో ఉన్న సన్నటి రంధ్రం నుంచి ముక్కులోకి దిగి రక్తంలో కలుస్తుంది. అలా కలిసి ఊపిరి గొట్టాలను బిగిస్తుంది, గుండె వేగాన్ని తగ్గిస్తుంది. ఆపరేషన్ హడావుడిలో ఉబ్బసం సంగతి ఎవరూ అడిగి ఉండరు, ఆయనా చెప్పి ఉండరు. కంటి డాక్టర్‌కి ఊపిరితో పనేముంది అనుకుంటారు మనవాళ్లు. నా దగ్గరికొచ్చే పెద్దవాళ్లు కూడా గుచ్చి గుచ్చి అడిగితే గానీ ఇన్‌హేలర్ వాడుతున్నామని చెప్పరు.

అయితే ఇన్ని నెలలుగా ఆయన కన్ను ఏ మందూ లేకుండా ఉంది. నాకు భయమంతా దాని గురించే. విశాఖ దాకా వెళ్లడానికి వీలు చిక్కలేదని ఆగకండి. ఈ వారంలోనే విజయనగరమో శ్రీకాకుళమో, ఎటు బస్సు దొరికితే అటు, ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి కంటి విభాగానికి తీసుకెళ్లి కంటి ప్రెషర్, అంటే కంటి లోపలి ఒత్తిడి, చూపించండి. కూర్చోగానే ఉబ్బసం మాట చెప్పండి. ఇన్‌హేలర్, పాత సీసా రెండూ బల్ల మీద పెట్టండి. ఉబ్బసం ఉన్నవాళ్లకు వేరే చుక్కలున్నాయి. లాటానోప్రాస్ట్ రాత్రి పూట ఒక్కసారి వేస్తే చాలు, దానితో మామూలుగా ఆయాసం రాదు. ఆయన కంటికి ఏది సరిపోతుందో అక్కడి డాక్టర్ చూసి రాస్తారు.

ఇక చూపు పెరగలేదన్న మాట. ఆయన వైపు నుంచి ఆలోచించండి. శుక్లం తీసి కట్టు విప్పగానే లోకమంతా తెల్లగా కనబడింది. అదే కంట్లో నెలల తరబడి చుక్కలు వేసుకున్నా ఏ మార్పూ లేదు. ఎవరికైనా నమ్మకం పోతుంది. చుక్కలు ఇచ్చిన రోజే ఆయనకు ఈ మాట విప్పి చెప్పాల్సింది: నీటికాసుల్లో దెబ్బతినేది కంటి నరం. పోయిన చూపు చుక్కలతోనూ రాదు, ఆపరేషన్‌తోనూ రాదు. ఉన్నదాన్ని కాపాడుకోవడానికే ఈ మందు. వినడానికి చేదుగా ఉన్నా ఆయనకు ఈ నిజమే చెప్పండి. కొత్త చూపు ఆశ పెడితే మళ్లీ మానేస్తారు.

నొప్పి లేకుండా, ఎదురుగా ఉన్న మనిషి కనబడుతూనే, పక్క చూపు ముందు పోతుంది. అందుకే ఆయనకు తెలియదు. ఇంట్లో ఒక పని చేయండి. వెలుతురులో ఆయనకు ఎదురుగా, చెయ్యి చాపినంత దూరంలో కూర్చోండి. ఒక కన్ను మూసుకుని మీ ముక్కు వంకే చూడమనండి. మీ వేలిని ఆయన చెవి పక్క నుంచి కదిలిస్తూ మెల్లగా ముందుకు తెచ్చి, ఎక్కడ కనబడిందో చెప్పమనండి. రెండో కంటికీ అలాగే. రెండు కళ్లకూ తేడా ఉంటే ఆయనకే తెలిసొస్తుంది. ఆసుపత్రి పరీక్షకు ఇది బదులు కాదు, ఆయన్ని బయల్దేరదీయడానికి మాత్రం పనికొస్తుంది.

విశాఖ ప్రయాణం గురించి మిమ్మల్ని తప్పు పట్టను. పరీక్ష కోసం కంటిపాపలు పెద్దవి చేసే మందు వేశాక కొన్ని గంటలు కళ్లు బైర్లు కమ్ముతాయి, ఆ వయసు మనిషిని ఒంటరిగా బస్సెక్కించలేం. అంటే ఒకరికి జబ్బు, ఇద్దరికి పని పోవడం. డాక్టర్లం చీటీ మీద 'మూడు నెలలకు' అని తేలిగ్గా రాసేస్తాం. కాబట్టి మీరే అడగండి: ప్రెషర్ వరకు దగ్గర్లో చూపించుకుని, పక్క చూపును కొలిచే ఫీల్డ్ టెస్ట్‌కు మాత్రం విశాఖ రావచ్చా అని. ప్రెషర్ అదుపులో ఉన్నవాళ్లకు చాలాసార్లు కుదురుతుంది. స్త్రీశక్తి పథకం వచ్చాక పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మీకు టికెట్ ఖర్చు లేదు, ఆధార్ పట్టుకెళ్లండి. 60 దాటినవాళ్లకు ఆర్టీసీలో పావు వంతు రాయితీ ఉంది, నాన్నగారి కార్డూ ఉంచుకోండి.

ఫీల్డ్ టెస్ట్ అంటే చాలామంది పెద్దవాళ్లు బెదిరిపోతారు. తెల్లటి గిన్నెలాంటి యంత్రంలో గడ్డం ఆనించి, మధ్యలో ఉన్న దీపం వంకే చూస్తూ, పక్కన చుక్క వెలిగినప్పుడల్లా మీట నొక్కాలి. కొన్ని చుక్కలు మంచి కంటికి కూడా కనబడనంత మసగ్గా ఉంటాయి. ఆ సంగతి తెలియక "నేను ఫెయిలయ్యాను" అని టెన్షన్ పడి, మళ్లీ రానంటారు. వెళ్లే ముందే చెప్పండి, కొన్ని కనబడకపోవడం మామూలేనని. అలసిపోతే మీట నొక్కిపట్టి ఉంచితే చాలా యంత్రాల్లో పరీక్ష కాసేపు ఆగుతుంది. ఆ కాగితాలన్నీ ఒక పాలిథిన్ సంచిలో పడేసి జాగ్రత్త చేయండి. పాత ఫీల్డ్ కాగితం పక్కన పెట్టి చూస్తేనే జబ్బు ముదురుతోందో ఆగిందో తెలిసేది.

డబ్బు మాట. లాటానోప్రాస్ట్ టిమొలాల్ కంటే ఖరీదు. కొనలేమనుకుంటే సిగ్గుపడకుండా డాక్టర్‌కి చెప్పండి, మందు పేరు జనరిక్‌లో రాయించుకుని జన ఔషధి షాపులో అడగండి. ఆయనకు పింఛను వస్తుంటే, ఒకటో తేదీన 4,000 చేతికందిన రోజే సీసా కొనేయండి. సీసా తెరిచాక ఎలాగూ నెలకు మించి వాడకూడదు. మూత తీయని లాటానోప్రాస్ట్ సీసాను చాలా కంపెనీలు ఫ్రిజ్‌లో పెట్టమంటాయి. ఇంట్లో ఫ్రిజ్ లేకపోతే బయట ఉంచగలిగే రకం రాయమనండి.

చుక్కలు ఆయన చేత్తో ఆయన వేసుకుంటే సగం బుగ్గ మీద పడతాయి, నెల సీసా పదిహేను రోజులకే అయిపోతుంది. మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, కింది రెప్ప లాగి ఒక్క చుక్క వేయండి. కన్ను మూయించి, ముక్కు పక్కన కంటి కొనను వేలితో రెండు నిమిషాలు నొక్కి ఉంచండి. మందు లోపలికి దిగడం తగ్గుతుంది.

మీరూ, మీ అన్నయ్యా కళ్లు చూపించుకోవాలి. కన్నవాళ్లకుంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ. 40 దాటితే అసలు ఆలస్యం చేయకండి. చెన్నైలో ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది, ఎగ్మూరులో. నాన్నకు నీటికాసులున్నాయని చెప్పి ప్రెషర్, కంటి నరం రెండూ చూడమనాలి. కళ్లజోడు షాపులో నంబర్ చూపించుకుంటే సరిపోదు.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు పాఠకులకు ఒక ముఖ్యమైన మాట. ప్రెషర్ బాగా పెరిగినప్పుడు చుక్కలతో పాటు ఎసిటజోలమైడ్ మాత్రలు ఇస్తుంటాం. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకు అవి ప్రమాదం. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు నుంచి కంటికి చూపించుకోవడానికి వచ్చేవాళ్లు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు వెంట తెచ్చుకోండి, డయాలసిస్‌లో ఉంటే మాత్ర రాయకముందే చెప్పండి.