శిలమీద నిలిచిన కుంచె జాడ

ప్రశ్న: పర్లాకిమిడిలో చాలా ఏళ్లుగా తెలుగులోనూ ఒడియాలోనూ దుకాణాల బోర్డులు రాస్తున్నాను. ఈ మధ్య ఒక పుస్తకంలో నల్లని కాగితంమీద తెల్లగా ఉన్న చైనా అక్షరాల బొమ్మ చూశాను. అది జ్యూచెంగ్ ప్రాసాదపు శాసనమనీ, ఓయాంగ్ షున్ దస్తూరీ అనీ కింద ఉంది. రాయిని చెక్కింది ఉలి కదా, దాన్ని ఒకరి దస్తూరీ అని ఎలా అంటారు?
- ఒక పాఠకుడు, గజపతి జిల్లా

జవాబు: కుంచె పట్టిన చేతికే తట్టే ప్రశ్న అడిగారు. ఆ శాసనం క్రీ.శ. 632 నాటిది, చైనాలోని షాన్షీ రాష్ట్రం, లిన్‌యౌలో ఉంది. తాంగ్ వంశపు చక్రవర్తి తైజోంగ్ వేసవి గడపడానికి ఆ ప్రాసాదానికి వెళ్లినప్పుడు, నీటికి కరువైన ఆ కొండచోట ఒకచోట నేల చెమ్మగా కనబడితే చేతికర్రతో పొడిచాడనీ, తియ్యని ఊట ఉబికిందనీ అందులోని కథనం. పాఠం కూర్చినవాడు వెయ్ జంగ్ అనే మంత్రి. ఊటను పొగుడుతూనే, ఎత్తున ఉన్నవాడు పడిపోవడాన్ని తలచుకోవాలని ఏలికకు హెచ్చరిక కూడా చేర్చాడు.

ఇక ఉలి సంగతి. ఆ రోజుల్లో నున్నగా అరగదీసిన శిలమీదనే ఇంగిలీకపు ఎర్ర రంగుతో రాసే పద్ధతి ఉండేది. చెక్కేవాడి నేర్పంతా ఆ రంగు అంచును దాటకుండా, లోపలికి తగ్గకుండా ఉలిని నడపడంలోనే ఉంది. మన తాటాకుమీద గంటం గీత మొదటినుంచి చివరిదాకా ఒకే సన్నంగా సాగుతుంది. కుంచె గీత అలా కాదు, చేయి నొక్కినచోట లావెక్కుతుంది, ఎత్తినచోట సన్నబడుతుంది. పాఠం మొదటి వాక్యంలోనే, ఏలుబడి ఆరో సంవత్సరమని చెప్పేచోట, 'ఆరు' అనే అక్షరం ఉంది: పైన చుక్క, దానికింద అడ్డగీత, ఆ కింద ఎడంగా ఒరిగిన రెండు కాళ్లు. నాలుగే గీతలు, అయినా ఆ అడ్డగీత కుడివైపు కొద్దిగా పైకి సాగడం రాయిలో కూడా తెలుస్తుంది. కైషు అనే ఈ నిలువైన, తేటైన లిపిలో ఓయాంగ్ షున్ అక్షరాలు పొడుగ్గా, బిగువుగా ఉంటాయి. అప్పటికి ఆయనకు సుమారు 75 ఏళ్లు.

గంజాం జిల్లా జౌగడలో అశోకుడి శాసనాలు చూసే ఉంటారు. అక్కడ రాజు మాట ఉంది కానీ, రాసిన చేయి ఎవరిదో లేదు. ఇక్కడ చక్రవర్తి ఆజ్ఞతో రాసినవాడి పేరును హోదాతో సహా చివర చెక్కారు. దస్తూరీ అనడానికి నాకు ఇంతకంటే బలమైన ఆధారం అక్కరలేదు.

మీరు చూసిన నలుపు ఆ రాయిది కాదు, సిరాది. తడి కాగితాన్ని శిలమీద పరిచి, గుంటల్లోకి దిగేలా కుచ్చుతో తట్టి, కొంచెం ఆరాక పైన సిరా అద్దితే గుంటల్లోని అక్షరాలు తెల్లగా మిగులుతాయి. తరతరాలుగా ఇలా అచ్చులు తీయడంవల్ల రాయి అరిగింది. అందుకే ఇప్పటి శిలకంటే, తాంగ్ తర్వాత వచ్చిన సోంగ్ వంశపు కాలంనాటి పాత అచ్చులకు విలువ ఎక్కువ. నేర్చుకునేవారు వాటి నకళ్లనే ముందుంచుకుంటారు. మీరూ పలకమీద నీళ్ల కుంచెతో ఆ నాలుగు గీతలు వేసి చూడండి. ఎక్కడ నొక్కాలో మీ వేళ్లకే తెలుస్తుంది.